ఇందిర సంచితో ఉత్తరానికి

మిషిగన్ రాష్ట్రం పటంలో రెండు ముక్కలుగా ఉంటుంది. కింది ముక్క అరచేతిలా ఉంటుంది కాబట్టి, మీ ఊరెక్కడ అని అడిగితే ఇక్కడివాళ్లు చెయ్యి చాపి అందులో ఒకచోట వేలు పెట్టి చూపిస్తారు. మేముండే నోవై బొటనవేలికి కొంచెం కింద. పై ముక్క వేరే నేల. మధ్యలో నీళ్లు, నీళ్ల మీద వంతెన. మా తెలుగువాళ్లలో చాలామంది ఆ వంతెన దాకా వెళ్లి, ఫొటో తీసుకుని తిరిగి వస్తారు. ఈ అక్టోబరులో నేను దాన్ని దాటి దాదాపు చివరిదాకా వెళ్లి వచ్చాను. అటు వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా భార్య ఇందిర ఏటా ఇదే సమయానికి అక్కడికి విమానంలో వెళ్లేది. టికెట్ కొనుక్కుని ఎక్కే విమానం కాదు. నలుగురు పట్టే, ఒకే ఇంజను ఉన్న చిన్న విమానం. తనే నడిపేది. ఉద్యోగం కార్ల కంపెనీలో, బ్రేకులు పరీక్షించడం. నలభై దాటాక పైలట్ లైసెన్సు తీసుకుంది. ఆ తర్వాత, తప్పిపోయినవాళ్లను పైనుంచి వెతికే వాలంటీర్ పైలట్ల గుంపు ఒకదాంట్లో చేరింది. జీతం లేదు. సరస్సు మీదికి వెళ్లిన పడవ తిరిగి రాలేదనో, అడవిలోకి వెళ్లిన మనిషి చీకటి పడ్డా రాలేదనో షెరీఫ్ ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. వీలున్నవాళ్లు వెళతారు.

ఫోను వచ్చాక సర్దుకోవడానికి సమయం ఉండదు. అందుకని ప్రతి పైలట్ ఇంట్లో ఒక సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వెతకడానికి వెళ్లినవాళ్లే ఎక్కడైనా దిగిపోవలసి వస్తే, ఆ రాత్రి బతికి ఉండడానికి కావలసినవన్నీ అందులో ఉంటాయని ఇందిర నాకు చెప్పింది. మా ఇంట్లో ఆ నారింజరంగు సంచి గరాజ్ తలుపు పక్కన, కోట్ల అలమర అడుగున ఉండేది. లోపల ఏముందో నేనెప్పుడూ చూడలేదు. నాకు చిన్న విమానాలు పడవు, చెవులు పోటు పెడతాయి. ఆ సంగతులన్నీ ఆమెవి.

ఇందిర ఫిబ్రవరిలో పోయింది. విమానంలో కాదు, ఆస్పత్రిలో, క్లోమానికి వచ్చిన క్యాన్సర్‌తో. జబ్బు బయటపడ్డాక ఎక్కువ రోజులు లేదు. చీరలు వాళ్ల చెల్లెలు వచ్చి తీసుకువెళ్లింది. ఫ్రీజర్‌లో పేర్లు రాసి పెట్టిన డబ్బాలను ఒక్కొక్కటే కరిగించుకుని తిన్నాను. వంటింటి అరలు నేను వాడుతూ వాడుతూ నా పద్ధతిలోకి వచ్చేశాయి. ఆమె చేతులతో సర్దినది, సర్దినట్టుగానే ఇంట్లో మిగిలింది ఆ సంచి ఒక్కటే. దాని చుట్టూ ఊడ్చేవాణ్ని గాని, దాన్ని జరిపేవాణ్ని కాదు.

సెప్టెంబరులో రూత్ అనే ఆవిడ ఫోన్ చేసింది. ఆ గుంపు బాధ్యతలు చూసే పెద్ద పైలట్ ఆమె. సంచి బయటి జేబుల్లో రెండు వస్తువులు ఉన్నాయట. ఒకటి గుంపుకు చెందిన రేడియో. రెండోది ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరం. అది ఇందిర పేరు మీద నమోదై ఉంది, మార్చాలి.

"పోస్టులో పంపొచ్చా?" అని అడిగాను.

"పంపొచ్చు. కానీ అక్టోబరులో మా సంచుల రోజు ఉంది. అందరూ వస్తారు. మీరూ రండి. సంచి మొత్తం తీసుకురండి," అంది.

ఆ రెండు వస్తువులూ ఇచ్చేసి, మధ్య జిప్పు తీయకుండా సంచిని మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలని అనుకున్నాను. ఈ ప్రయాణానికి నా దగ్గర ఉన్న ప్లాను అదొక్కటే.

నోవై

ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులో శ్రావ్య అనే అమ్మాయి హౌటన్‌కి రైడ్ కావాలని పెట్టింది. హౌటన్ పై ముక్కకి దాదాపు చివర ఉన్న యూనివర్సిటీ ఊరు. శ్రావ్య అక్కడ మాస్టర్స్ రెండో ఏడాది చదువుతోంది. ఊరు కరీంనగర్. ఇంటర్వ్యూ కోసం ఇటు వచ్చింది. శుక్రవారం పొద్దున ఇండియన్ స్టోర్ ముందు నిలబడి ఉంది. కాళ్ల దగ్గర బియ్యం బస్తా, రెండు అట్టపెట్టెలు.

"నమస్తే అంకుల్. లగేజ్ జర ఎక్కువుంది, ఏమనుకోకుండ్రి."

"బియ్యమేనా?"

"బియ్యం, కుక్కర్, కరివేపాకు, రెండు ఆవకాయ సీసాలు. అన్నీ నా రూమ్మేట్స్ ఆర్డర్లే. అక్కడ ఇండియన్ స్టోర్ లేదు గదా అంకుల్. ఇంటర్వ్యూకి పోతున్నా అంటే ఒక్కలు ఆల్ ది బెస్ట్ చెప్పలే, సామాన్లు మాత్రం చెప్పిన్రు."

వెనక సీటు వైపు చూసి ఆగింది. "ఇదేంది అంకుల్, సంచికి సీట్ బెల్ట్ పెట్టిన్రు?"

"దొర్లకుండా," అన్నాను.

ఉత్తరానికి వెళ్లే దారి మొదటి రెండు గంటలూ ఏమీ ఉండదు. ఫ్యాక్టరీలు, మొక్కజొన్న కోసేసిన పొలాలు, మళ్లీ ఫ్యాక్టరీలు. శ్రావ్య ఇంటర్వ్యూ గురించి చెప్పింది. టెక్నికల్ రౌండ్ బాగా చేసింది, చివర్లో వీసాకి స్పాన్సర్‌షిప్ కావాలా అని అడిగారు, కావాలనగానే అవతలివాళ్ల మొహాలు మారిపోయాయి. "జూమ్‌ల అయితే కనెక్షన్ ఫ్రీజ్ అయ్యిందనుకుందుము అంకుల్. ఎదురుంగ కూసున్నరు," అంది.

అప్పుడే వెనకనుంచి టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు మొదలైంది. ఆగి ఆగి వస్తోంది. బ్రేకు వేసినప్పుడు సంచి దేనికో ఒత్తుకుని ఆ పరికరం మీట పడిపోయిందనుకున్నాను. అది మోగితే ఏమవుతుందో ఇందిర చెప్పిన సంగతులన్నీ గుర్తొచ్చాయి. హైవే పక్క విశ్రాంతి స్థలం కనబడగానే కారు పక్కకు తీసి ఆపాను. దిగి, శ్రావ్యకు విషయం చెప్పాను.

"హెలికాప్టర్ వస్తదా అంకుల్? మన కోసమా?" తల పైకెత్తి ఆకాశం చూసింది. "నా వీసా స్టేటస్ అడుగుతరా?"

సంచి దగ్గర చెవి పెట్టాను. చప్పుడు లేదు. కారు కదిపి చూస్తే మళ్లీ వచ్చింది. వచ్చేది అట్టపెట్టెలోంచి. కొత్త కుక్కర్‌లో విడిగా పడేసిన విజిల్ అటూ ఇటూ దొర్లుతోంది. శ్రావ్య దాన్ని తీసి, చున్నీలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత, సంచి ఎవరిదని అడిగింది. చెప్పాను. వెనక్కి తిరిగి సంచి వైపు చూసింది.

"ఆంటీ ఎవర్నన్న దొరకబట్టిన్రా?"

"ఇద్దర్ని. ఒక ముసలాయన్ని, ఒక కుక్కని. కుక్కని లెక్కలో కలిపింది మీ ఆంటీయే."

వంతెన

రెండు మహా సరస్సులు కలిసేచోట వంతెన ఉంది. మధ్య భాగంలో లోపలి వరస తారుతో వేసింది కాదు, ఇనప జాలీ. దాని మీద వెళితే చక్రాల కింద హోరు పుడుతుంది, తొంగిచూస్తే నీళ్లు కనబడతాయి. నడపడానికి భయపడేవాళ్లు ముందుగా చెబితే వంతెనవాళ్లే ఒక మనిషిని పంపి, కారు నడిపించి అవతల దింపుతారు. మన దగ్గర ఎవరైనా అలా అడిగితే ఊరంతా నవ్వుతారు. ఇక్కడ నవ్వరు.

"నేను కండ్లు మూసుకుంట. అయిపోయినంక చెప్పుండ్రి," అంది శ్రావ్య. గాలి బాగా ఉంది. పెద్ద లారీలను కాన్వాయ్‌గా నడిపిస్తున్నారు. నేను నెమ్మదిగా వెళ్లాను. ఇంటినుంచి వెళ్లేటప్పుడు వంతెన కనబడితే సగం దారి దాటినట్టని ఇందిర అనేది. నాకు సగం ఇంకా కాలేదు. ఆమె మధ్యాహ్నం భోజనానికి అవతలి చివర ఉండేది, నేను చేరేసరికి రాత్రి భోజనం వేళ అవుతుంది. టోలు నాలుగు డాలర్లు. ఆమె వెళ్లే దారికి టోలు లేదు.

అవతలి గట్టు మీద ఒక చిన్న కొట్లో తిన్నాం. ఈ ప్రాంతపు తిండి పేస్టీ అనేది. చూడడానికి మన కజ్జికాయే, కాకపోతే చెప్పంత ఉంటుంది. లోపల మాంసం, దుంపలు. కూరగాయలతో చేసినవీ దొరుకుతాయి. వెనకటికి గని కార్మికులు పొద్దున పట్టుకుపోయి మధ్యాహ్నం గనిలోనే తినేవారట. ఒకటి తింటే రాత్రిదాకా ఆకలి వేయదు.

దాని మీద కెచప్ వేసుకోవాలా గ్రేవీ వేసుకోవాలా అన్నది ఇక్కడ పెద్ద తగువు. కొట్టు నడిపే లావుపాటి ఆవిడ మమ్మల్ని కూడా గట్టిగానే అడిగింది. "మీరు ఏ పక్షం?"

శ్రావ్య ఆవకాయ సీసా తీసి బల్ల మీద పెట్టింది.

ఆవిడ వాసన చూసింది. చెంచా చివర కొంచెం తీసుకుని నాలుక మీద వేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచినీళ్లు తాగింది. తాగి, చెంచా మళ్లీ చాపింది. "మూడో పక్షం ఉందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే," అంది. మా రెండు పేస్టీలకీ కాఫీలు ఉచితం చేసింది.

సెనీ దారి

సెనీ అనే పల్లె దగ్గర మొదలై రోడ్డు మైళ్ల తరబడి ఒక్క వంపు లేకుండా సాగుతుంది. రెండువైపులా బురదనేల, సన్నటి చెట్లు, ఎండిన రెల్లు. ఫోనుకు సిగ్నల్ పోయింది. పటంలో మా చుక్క ఒకచోట ఆగిపోయి, ఎంత వెళ్లినా కదల్లేదు. శ్రావ్య నిద్రపోయింది.

ఈ దారిని మిషిగన్‌లోకెల్లా విసుగు పుట్టించే దారి అంటారు. ఇందిరకు ఇది ఇష్టం. పైనుంచి చూస్తే అడవి మీద గీత గీసినట్టుంటుందని, ఇంజను ఆగిపోతే దిగడానికి ఇంతకన్నా మంచిచోటు ఆ చుట్టుపక్కల లేదని చెప్పేది. ఒక శనివారం భోజనాల దగ్గర చెప్పిన మాట అది. నేను సాంబారు కలుపుకుంటూ విన్నాను. ఇప్పుడు ఆ దారి మీద వెళుతుంటే, కరెంటు తీగలు ఏ వైపున ఉన్నాయి, లారీలు ఎంత ఎడంగా వస్తున్నాయి, రోడ్డు పక్కన చదునుగా ఎంత ఉంది అని చూస్తూ వెళ్లాను. ఆమె ఎక్కడ దిగేదో తెలుసుకోవాలనిపించింది. ఎక్కడా దిగవలసిన అవసరం రాలేదు ఆమెకి. అయినా చూశాను. ప్రయాణాల పుస్తకాలు చాలా చదివాను గాని, ఒక మనిషి పైనుంచి చూసిన దారిని కింద నుంచి చూస్తూ పోవడం ఎలా ఉంటుందో ఎక్కడా చదివినట్టు గుర్తులేదు.

ఆ తర్వాత సుపీరియర్ సరస్సు కనబడింది. సరస్సు అన్నది పేరుకే. అవతలి గట్టు కనబడదు, అలలు సముద్రంలాగే వస్తాయి. ఉప్పు వాసన లేదు, అంతే తేడా.

హౌటన్

శ్రావ్య ఉండే ఇంటికి చేరేసరికి ముగ్గురు అమ్మాయిలు బయటికి పరుగెత్తుకొచ్చారు. ముందు బియ్యం అందుకున్నారు, తర్వాత శ్రావ్యను పలకరించారు. తినకుండా వెళ్లనివ్వలేదు. పప్పుచారు, బంగాళాదుంప వేపుడు, కొత్త ఆవకాయ. గుంటూరు అమ్మాయి ఒకతె వడ్డిస్తూ, "అంకుల్, మొహమాటపడకండి. ఇక్కడ మొహమాటపడినోళ్లకి రెండోసారి అన్నం మిగలదు," అంది.

కారు దాకా వచ్చినప్పుడు శ్రావ్య వెనక సీటు వైపు చూసి అడిగింది. "అంకుల్, తెరిచి చూసిన్రా దాన్ని?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"తెరిస్తే మళ్లీ అలా సర్దలేను కదమ్మా."

ఆమె తల ఊపింది. "నేనైతే మొదటి దినమే తెరుస్తుండె. ఆగకపోతుంటి," అంది. తర్వాత, "మీరు ఆగిన్రు," అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున బస పక్కనున్న బేకరీలో జడలా అల్లిన రొట్టె ఒకటి కొన్నాను. ఈ ప్రాంతంలో ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. వాళ్ల రొట్టె అది. కొరికితే ఏలకుల వాసన. రెండో ముక్క నమిలాక నమ్మాను. ఇందిర ప్రతి అక్టోబరులోనూ ఇలాంటి రొట్టె ఒకటి తెచ్చేది. ఏలకులు ఆమే అడిగి వేయించుకునేదని ఇన్నేళ్లూ అనుకున్నాను. బేకరీ అమ్మాయికి ఆ మాట చెబితే నవ్వి, "మా ముత్తవ్వ కాలం నుంచీ వేస్తున్నాం," అంది.

విమానాల షెడ్డు

హౌటన్ నుంచి దక్షిణంగా కొంతదూరం వెనక్కి వస్తే, సరస్సు పాయ ఒడ్డున చిన్న విమానాశ్రయం ఉంది. ఒకే ఒక రన్‌వే, గాలి ఎటు వీస్తోందో చెప్పే గుడ్డ గొట్టం, నాలుగు రేకుల షెడ్లు. ఒక షెడ్డులో విమానాన్ని బయటికి నెట్టి నేలంతా నీలం పట్టాలు పరిచారు. పదిమంది దాకా ఉన్నారు. అందరి దగ్గరా నారింజరంగు సంచులే. ఒక మూల పెద్ద పాత్రలో కాఫీ.

రూత్ పొట్టి మనిషి, జుట్టు తెల్లగా కత్తిరించుకుంది, నడక వేగం. నా రెండు చేతులూ పట్టుకుంది. రేడియో, పరికరం తీసి ఇచ్చాను. అందుకుని, "సంచి కింద పెట్టి కూర్చోండి, కాఫీ తాగండి," అంది. సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పని మొదలైంది. ఒక్కో సంచీ పట్టా మీద బోర్లించారు. రేకు దుప్పటి, మడత రంపం, తలకు కట్టుకునే లైటు, ఈల, ఎండలో మెరిపించే అద్దం, నీళ్లు శుభ్రం చేసే బిళ్లలు, ఉన్ని మేజోళ్లు. బ్యాటరీలన్నీ కొత్తవి వేశారు. రూత్ చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతోంది. ఒక పొడుగాటి మనిషి చేతితొడుగులను చుట్ట విప్పకుండానే సంచిలో పెట్టబోయాడు. ఆమె ఆగింది.

"విప్పు."

"పోయినేడు నుంచీ ముట్టలేదు రూత్."

"అందుకే విప్పు. చుట్టినదేదీ చుట్టినట్టు వెనక్కి వెళ్లదు. లోపల చెమ్మ ఉంటే ఆ రాత్రి వేళ్లు పోతాయి. నీవి కాదు, అతనివి."

అతనివి అన్నది నాకు అర్థం కాలేదు. ఆ సంచి ఆ పొడుగాటి మనిషిదే అనుకున్నాను. అడిగాను.

"కాదు. ఇక్కడ ఎవరి సంచి వాళ్లు సర్దుకోరు," అంది రూత్. "తనదైతే ఎవరైనా ఈసారికి చాల్లే అనుకుంటారు. ఇంకొకరిదైతే అలా అనుకోలేరు. ఇక్కడ సర్ది, మూసి ఇస్తాం. తీసుకువెళ్లినవాళ్లు ఏడాదంతా తెరవకూడదు. అవసరం పడితే తప్ప."

కాఫీ కప్పు కింద పెట్టాను. "మరి ఇందిరది?"

"నేనే సర్దేదాన్ని. ఆమె చేరినప్పటి నుంచీ." నా ఒళ్లో ఉన్న సంచిని చూపించింది. "అదీ నేనే సర్దాను, పోయిన అక్టోబరులో, ఆ మూల కూర్చుని." నా మొహం చూసి, "మీకు చెప్పలేదా?" అంది.

చెప్పలేదు. నేను అడగలేదు గనక చెప్పవలసిన అవసరం ఆమెకు కలిగి ఉండదు. ఇన్ని నెలలు నేను చుట్టూ ఊడ్చిన సంచిలో ఇందిర చెయ్యి పడ్డ వస్తువు లేదు. ఆమె దాన్ని మోసుకొచ్చి అలమరలో పెట్టింది. అంతే.

ఇంక మూసి ఉంచడానికి కారణం లేదు. జిప్పు తీశాను. అన్నీ పట్టాల మీద చూసినలాంటి వస్తువులే. ఒక ఉన్ని టోపీ మాత్రం వేరుగా ఉంది, చేత్తో అల్లింది. వెనకవైపు మెడ పైన చిన్న కంత వదిలి, దాని చుట్టూ అంచు కట్టారు. ఎందుకో తెలియక వేలు పెట్టి చూశాను.

"ఆమె జడ కోసం," అంది రూత్. "మామూలు టోపీలో పట్టేది కాదు. టోపీ పైకి లేచి చెవులు బయట ఉండేవి. చలికి ముందు దెబ్బతినేవి చెవులే."

టోపీని మడిచి పక్కన పెట్టాను. అడిగాను. "మరి ఇందిర ఎవరిది సర్దేది?"

రూత్ వెనక్కి తిరిగి, "వాల్ట్," అని పిలిచింది.

వాల్ట్ డెబ్బై దాటిన మనిషి, స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. పట్టాల మీద అందరూ పని చేస్తున్నా తన సంచిని విమానంలోంచి ఇంకా దించలేదు. రూత్ పిలిచాక వెళ్లి తెచ్చాడు. నా పక్కన కూర్చుని, దాన్ని మా ఇద్దరి మధ్యా పెట్టాడు. వేళ్లు కీళ్ల దగ్గర ఉబ్బి ఉన్నాయి.

"ఇండీ పోయినేడు సర్దింది ఇదే," అన్నాడు. ఆమెను అక్కడ అందరూ ఇండీ అనేవారు. "లోపలిది ఏదీ ముట్టుకోలేదు. పక్క జేబులో వేరుశనగ బెల్లం పలకలు పెట్టింది. అవి మాత్రం జులైలో తినేశాను. రూత్‌కి చెప్పకండి."

"వినబడింది," అంది రూత్ దూరం నుంచి.

సంచి జిప్పులన్నిటికీ తెల్లటి నూలు తాళ్లు ముడివేసి ఉన్నాయి. వాల్ట్ వేళ్లు జిప్పు పట్టుకోలేవు కాబట్టి, లాగడానికి. "ఈ తాడు ఎక్కడ దొరుకుతుందో అడగాలనుకున్నాను," అన్నాడు. "తడిసినా జారదు, తెగదు. ఇంత మంచిది నేను చూడలేదు."

అది లంగా బొందు. మా ఇంట్లో దాని కండె కుట్టుపెట్టెలో ఇంకా ఉంది. అదేమిటో చెప్పాను. చీర కింద కట్టుకునే లంగాకి, నడుము దగ్గర. వాల్ట్ తాడు వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పొడుగాటి మనిషి పడీ పడీ నవ్వాడు. "ఏడాదంతా దాన్ని పట్టుకు తిరిగావా వాల్ట్?"

"నోరు ముయ్యి," అన్నాడు వాల్ట్. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీరొస్తున్నారని రూత్ చెప్పినప్పుడు కొత్త సంచి ఒకటి కొన్నాను. ఇది ఇలాగే తీసుకువెళ్లండి. విప్పకండి. నాకు మళ్లీ ఎవరో ఒకరు సర్దుతారు," అన్నాడు.

రూత్ విన్నది. నా వైపు చూసింది.

సంచిని దగ్గరికి తీసుకున్నాను. నేను అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. నాకు అది కావాలి. కావాలన్న సంగతి ఇక్కడ దాచను. తొమ్మిది గంటలు డ్రైవ్ చేసి, అదే అలమరలో అదే చోట పెట్టుకుని, చలికాలమంతా చుట్టూ ఊడ్చుకోవచ్చు. ఈసారి లోపల నిజంగానే ఆమె చేతులు ఉంటాయి. కానీ ఆమె దీన్ని నా కోసం సర్దలేదు. ఈ మనిషి ఉబ్బిన వేళ్లను మనసులో పెట్టుకుని, ఆయన ఒక రాత్రి మంచులో కూర్చోవలసి వస్తుందేమోనని సర్దింది.

"నేను విప్పొచ్చా?" అని రూత్‌ని అడిగాను.

"విప్పినవాళ్లే సర్దాలి," అంది. "అదీ మా పద్ధతే."

పైన లైటు ఉంది. చేతితొడుగులతో కూడా నొక్కగలిగే పెద్ద మీట ఉన్నది ఏరి పెట్టింది ఇందిర. దాని కింద, బొటనవేలి బలం అక్కర్లేని పొడుగాటి లైటర్. వాల్ట్ కళ్లద్దాల రెండో జత, గట్టి డబ్బాలో. మోకాలి పట్టీ. రేకు దుప్పటిని అంచు పైకి ఉండేలా మడిచింది, లాగితే ఒక్కసారే విప్పుకునేలా. ఒక్కొక్కటీ తీసి పట్టా మీద వరసగా పెట్టాను. తీసిన చోటు గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నించాను. దుస్తులన్నీ విప్పి, దులిపి, గాలికి పెట్టాను. విప్పిన ప్రతిదానితోనూ ఆమె మడత ఒకటి పోయింది.

అడుగున ఉన్ని మేజోళ్లు రెండు జతలు. ఇందిర మేజోళ్లు చుట్టే తీరు వేరు. వేళ్ల వైపు నుంచి గట్టిగా చుట్టుకుంటూ వచ్చి, పైఅంచును వెనక్కి తిప్పి, ఆ చుట్టను అందులోకే దూర్చేది. చేతిలో నిమ్మకాయలా గట్టిగా ఉండేది. ఇంట్లో నా సొరుగులో ఆమె చుట్టిన జతలు ఏప్రిల్ దాకా వచ్చాయి. చివరిది ఆఫీస్‌కి వెళ్లే తొందరలో చూసుకోకుండా విప్పేశాను. ఆ తర్వాత చాలాసార్లు చుట్టి చూశాను గాని అలా రాలేదు.

ఒక జత విప్పాను. పొడిగా ఉంది. రెండోదాన్ని చేతిలో పట్టుకున్నాను. వేళ్లతో నొక్కాను, చెంపకు ఆనించి చూశాను. చెమ్మ లేదు. వాసన చూశాను. ఉన్ని వాసన, అంతే. దాన్ని విప్పలేదు. సంచి అడుగున, ఉన్న మూలలోనే తిరిగి పెట్టాను.

మిగతావి దాని మీద సర్దాను. మొదటిసారి జిప్పు పడలేదు. మొత్తం తీసి మళ్లీ పెట్టాను, మళ్లీ పడలేదు. వాల్ట్ చూస్తూ కూర్చున్నాడు గాని చెయ్యి వేయలేదు. మోకాలి పట్టీని దుప్పటి పక్కన నిలువుగా దూర్చాక జిప్పు దగ్గరికి వచ్చింది. అప్పుడు రూత్‌ని పిలిచాను.

ఆఖరి పరీక్ష ఆమెది. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, సంచిలో చెయ్యి పెడుతుంది. చీకట్లో చేతికి దొరకాలి, అదీ లెక్క. "లైటు," అంది. దొరికింది. "లైటర్. కళ్లద్దాలు. దుప్పటి." చెయ్యి మోచేతిదాకా లోపలికి వెళ్లింది. అడుగుకు చేరింది. అక్కడ ఆగింది.

వేళ్లు ఆ జత చుట్టూ తిరగడం గుడ్డ మీదుగా తెలుస్తోంది. కళ్లు తెరిచి నా వైపు చూసింది. పొద్దుటి నుంచీ ఒక్క చుట్టను కూడా వదలని మనిషి ఆమె.

"అడుగున మేజోళ్లు," అంది.

"అవును."

"పొడిగా ఉన్నాయా?"

"పొడిగా ఉన్నాయి."

ఆమె చెయ్యి బయటికి తీసుకుంది. తెల్లటి బొందు పట్టుకుని జిప్పు మూసింది. వాల్ట్ సంచిని ఎత్తుకుని, లోపల ఏముందో చూడకుండా, షెడ్డు బయట ఉన్న తన విమానం దగ్గరికి నడిచాడు. సీటు వెనక పెట్టి, పట్టీ బిగించాడు.